మిగిలిపోయిన మార్ఫిన్ మాత్రలు హైదరాబాద్‌లో ఎవరు వెనక్కి తీసుకుంటారు?

మాది ఉప్పల్. క్యాన్సర్‌తో ఉన్న నాన్నగారు నెల క్రితం పోయారు. నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ 10 మి.గ్రా. మాత్రలు 46, ఫెంటానిల్ 25 మైక్రోగ్రాముల ప్యాచ్‌లు 3 మిగిలాయి. బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. పొరపాటున చేతికందితే ఊపిరి ఆగిపోయే మందులివి, భయంగా ఉంది.

మందులిచ్చిన ఆస్పత్రి ఫార్మసీకి రెండుసార్లు వెళ్లాను. ప్రిస్క్రిప్షన్, బిల్లు చూపించినా, రిజిస్టర్‌లో రాసి ఇచ్చేశాక వెనక్కి తీసుకోం అన్నారు. మా వీధి మెడికల్ షాపతను "ఇవి నార్కోటిక్ మందులమ్మా, నేను ముట్టుకోను" అన్నాడు. చెత్త బండిలో వేయడానికి మనసొప్పలేదు, ఏరుకునేవాళ్ల చేతిలో పడితే?

2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో ఇచ్చిన మార్గదర్శకాల్లో, టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయమన్న 17 మందుల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. కానీ మా అపార్ట్‌మెంట్‌లో ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటు) శుద్ధి చేసిన నీళ్లనే మొక్కలకు పెడతారు, అందుకే ఆగాను. కేరళలో ఇళ్ల నుంచి వాడని మందులు సేకరించే ఎన్‌ప్రౌడ్ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఇక్కడ వెతికితే అలాంటిది కనిపించలేదు. 2014లో మాదకద్రవ్యాల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం సవరించి రోగులకు మార్ఫిన్ అందడం తేలిక చేశారు, చాలా మంచి పని. మిగిలినవాటి సంగతి మాత్రం మందు ఇచ్చేటప్పుడు మాకెవరూ చెప్పలేదు.

హైదరాబాద్‌లో ఇలాంటి మందులు వెనక్కి తీసుకుని, తీసుకున్నట్టు కాగితం రాసిచ్చే ఆస్పత్రి గానీ పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రం గానీ మీలో ఎవరికైనా తెలుసా?