వాల్టర్ విలియమ్స్: పేదరికంలో పెరిగిన నల్లజాతి ఎకానమిస్ట్ కనీస వేతనాన్ని ఎందుకు వ్యతిరేకించాడు? తెలిసినవాళ్లు చెప్పండి

మానేరు_తీరం

అందరికీ నమస్తే. ఎంఏ ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నా. లేబర్ ఎకనామిక్స్ పేపర్ కోసం కనీస వేతనాల మీద వెతుకుతుంటే యూట్యూబ్‌లో వాల్టర్ విలియమ్స్ అనే ఆయన పాత వీడియోలు వరసగా వచ్చాయి, ఒకటి చూసి ఆపుదామనుకుంటే రాత్రి రెండైపోయింది. మనిషి నల్లజాతివాడు, ఫిలడెల్ఫియాలో గవర్నమెంట్ క్వార్టర్స్‌లో పెరిగాడట, తండ్రి చిన్నప్పుడే వదిలేసి వెళ్లాడట. అలాంటాయన కనీస వేతనం వద్దంటాడు, అఫర్మేటివ్ యాక్షన్ (చదువుల్లో, ఉద్యోగాల్లో వెనకబడినవాళ్లకి ప్రత్యేక ప్రాధాన్యం) వద్దంటాడు, సంక్షేమ పథకాలు వద్దంటాడు, అదీ ఎక్కడా తడబడకుండా మొహం మీద కొట్టినట్టు చెప్తాడు. మా సార్‌ని అడిగితే "వాడు రైట్ వింగ్, వదిలెయ్" అన్నారు అంతే. నాకు అది సమాధానంలా అనిపించలేదు. ఆయన అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చాడు, ఆయన మాటల్లో నిలబడేది ఎంత, ఎవరైనా ఓపిగ్గా చెప్తారా?

ఫెయిర్‌ఫ్యాక్స్_శ్రీను

తమ్ముడూ, నేనుండేది ఆయన పాఠం చెప్పిన ఊళ్లోనే, జార్జ్ మేసన్ యూనివర్సిటీలోనే మాస్టర్స్ చేశా (నాది కంప్యూటర్స్, ఎకనామిక్స్ కాదు), అప్పట్నుంచి ఆయన రాసినవి చదువుతూనే ఉన్నా కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా.

ముందు ఆయన జీవితం చూడాలి, లేకపోతే థియరీ అర్థం కాదు. 1936లో పుట్టాడు. అమ్మ ఒక్కతే ఇద్దరు పిల్లల్ని పెంచింది, ఉత్తర ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్ అనే ప్రభుత్వ ఇళ్ల సముదాయంలో. స్కూల్ అయ్యాక కొన్నాళ్లు టాక్సీ నడిపాడు. ఈ టాక్సీ సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

1959లో డ్రాఫ్ట్‌లో (నిర్బంధ సైనిక సేవ) ఆర్మీకి పట్టుకెళ్లారు, జార్జియా రాష్ట్రంలో వేశారు. అప్పటికి చట్టప్రకారం ఆర్మీలో రంగు తేడా లేదు, ఆచరణలో మాత్రం నిండా ఉంది. ఈయన ఊరుకునే రకం కాదు, ప్రతిదానికీ ఎదురు తిరిగేవాడు. చివరికి ఒక ఆఫీసర్ కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) పెట్టించాడు. లాయర్ లేకుండా తన కేసు తనే వాదించుకుని నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ ఆఫీసర్ మీద తిరిగి కేసు పెడదామని ఆలోచిస్తుండగానే కొరియాకి బదిలీ. అక్కడ ఫారంలో జాతి అని ఉన్నచోట "తెల్లజాతి" అని టిక్ పెట్టాడు. ఇదేంటయ్యా అంటే, నల్లజాతి అని పెడితే అన్నీ చెత్త పనులే నాకిస్తారు కదా అన్నాడు. అక్కడి నుంచే ప్రెసిడెంట్ కెనడీకి ఉత్తరం రాశాడు, సారాంశం ఏంటంటే మాకు ఇస్తామన్న సమానత్వం వట్టి మాటగా ఉన్నప్పుడు ఈ దేశం కోసం మేం ఎందుకు చావాలి అని. అప్పట్లో ఆయనకి మార్టిన్ లూథర్ కింగ్ కంటే తీవ్రవాద ధోరణి నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఎక్కువ నచ్చేవాడు. "రైట్ వింగ్, వదిలెయ్" అన్న సార్‌కి ఇదంతా చెప్పు.

తిరిగొచ్చాక లాస్ ఏంజెలిస్‌లో నేరాల్లో చిక్కిన పిల్లల్ని చూసే ప్రొబేషన్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం, దాంతోపాటే చదువు. 1965లో బీఏ, తర్వాత యూసీఎల్ఏలో 1972లో పీహెచ్‌డీ. యూసీఎల్ఏకి వచ్చేనాటికి కనీస వేతనం మంచిదనే నమ్మేవాడు, అక్కడ ప్రొఫెసర్లు నీ ఉద్దేశం సరే, ఫలితం ఏమైందో లెక్కలు చూడు అన్నారు. చూశాడు, అక్కడే మారాడు. థామస్ సోవెల్ అనే ఇంకో నల్లజాతి ఎకానమిస్ట్‌తో స్నేహం కూడా అక్కడే మొదలైంది, చివరిదాకా నిలిచింది. తర్వాత ఫిలడెల్ఫియాలోనే టెంపుల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 1980లో జార్జ్ మేసన్‌కి వచ్చాడు.

ఆయన అసలు వాదన ఏంటంటే, నల్లజాతి పేదవాడి ముందు తలుపులు మూసింది ఎక్కువగా ప్రభుత్వ చట్టాలే, అందులో చాలావాటికి మంచి పేర్లే ఉన్నాయి అని. 1982లో వచ్చిన "ది స్టేట్ అగైన్‌స్ట్ బ్లాక్స్" పుస్తకం మొత్తం ఇదే. టాక్సీ గుర్తుందిగా? న్యూయార్క్‌లో 1937లో టాక్సీల సంఖ్యకి పరిమితి పెట్టారు, ఒక్కో బండికి మెడాలియన్ అని ఒక రేకు ముక్క. కొత్తవి దాదాపు ఇవ్వలేదు కాబట్టి దాని రేటు పెరిగి పెరిగి 2014 నాటికి పది లక్షల డాలర్లు దాటింది. ఒక పాత కారు, డ్రైవింగ్ లైసెన్స్, రెండు చేతులు ఉన్న మనిషి సొంతంగా బతకగలిగే పని అది, దాన్ని ఆస్తున్నవాడికి మాత్రమే దొరికేలా చేశారు. అదే వాషింగ్టన్ డీసీలో అప్పట్లో పరిమితి లేదు, ఫీజు తక్కువ, అక్కడ టాక్సీ ఓనర్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే. ఈ పోలిక ఆయనది, ఇప్పటికీ నాకు గట్టిగానే అనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఆటో పర్మిట్ ఎంతకి చేతులు మారుతుందో, దాని వల్ల ఎంతమంది జీవితాంతం కిరాయి బండే తోలుతున్నారో తెలిసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకోటి డేవిస్–బేకన్ చట్టం, 1931. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఫెడరల్ హాస్పిటల్ కట్టడానికి అలబామా కాంట్రాక్టర్ ఒకడు నల్లజాతి కూలీల్ని వెంటబెట్టుకొచ్చాడు. స్థానికులకి కోపం వచ్చి, ఆ ప్రాంతం కాంగ్రెస్ సభ్యుడు రాబర్ట్ బేకన్ ఫెడరల్ పనుల్లో స్థానికంగా నడిచే కూలి రేటు తప్పనిసరి అని బిల్లు తెచ్చాడు. కాంగ్రెస్ చర్చల్లో చౌక నల్లజాతి కూలీల గురించి బాహాటంగానే మాట్లాడారు, రికార్డుల్లో ఉంది. కట్టడం పనుల యూనియన్లలో చాలావరకు అప్పట్లో నల్లవాళ్లని చేర్చుకునేవి కావు, తక్కువకి పనిచేస్తానని చెప్పి లోపలికి వచ్చే ఒక్క దారి కూడా మూసేశారు. విలియమ్స్ కనీస వేతనం గురించి మాట్లాడినప్పుడల్లా మనసులో ఉండేది ఇదే. కూలీకి మంచి చేద్దామన్న ఉద్దేశం సగంమందిదైతే, పోటీ తగ్గించుకుందామన్న ఉద్దేశం మిగతా సగంది, దెబ్బ మాత్రం ఒకడికే తగులుతుంది అంటాడు.

గణాంకాల_గంగ

శ్రీను గారు బాగా రాశారు, లైసెన్సుల మీద నాకూ పెద్ద పేచీ లేదు. కానీ కనీస వేతనం దగ్గర మాత్రం ఆ తమ్ముడు పరీక్షలో ఆయన మాటే రాసేస్తే నష్టపోతాడు కాబట్టి చెప్తున్నా.

విలియమ్స్ ఎప్పుడూ చూపించే అంకె 1948ది. ఆ ఏడాది 16–17 ఏళ్ల నల్లజాతి అబ్బాయిల్లో నిరుద్యోగం 9.4 శాతం, తెల్ల అబ్బాయిల్లో 10.2 శాతం, తర్వాత కనీస వేతనం పెరిగేకొద్దీ నల్ల కుర్రాళ్ల నిరుద్యోగం ఎన్నో రెట్లైంది అంటాడు. అంకె నిజమే. కానీ 1948లో దక్షిణాదిన ఆ పిల్లల్లో చాలామంది పొలాల్లో పనిచేసేవాళ్లు. తర్వాత ఇరవై ఏళ్లలో పత్తి ఏరే మెషిన్లు వచ్చి ఆ పనే మాయమైంది. జాన్ కోగన్ అనే ఎకానమిస్ట్ 1982లో ఇదే లెక్కగట్టి చూపించాడు, 1950 నుంచి 1970 మధ్య తగ్గుదలకి పెద్ద కారణం వ్యవసాయమే అని. కోగన్ వామపక్షం మనిషి కూడా కాదు.

1994లో వచ్చిన కార్డ్, క్రూగర్ అనే ఇద్దరు ఎకానమిస్టుల పేపర్ మీ సిలబస్‌లోనే ఉంటుంది. న్యూజెర్సీలో 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచారు, పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో పెంచలేదు, ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనిపించలేదు. దాని మీద ఏళ్లతరబడి కొట్లాట జరిగింది కానీ "పెంచితే ఉద్యోగాలు పోవడం ఖాయం" అనే ధీమా అయితే పోయింది. 2021లో ఇంకో పేపర్ వచ్చింది, 1966లో కనీస వేతనాన్ని హోటళ్లు, నర్సింగ్ హోమ్‌లు, పొలాలకి విస్తరించారు, నల్లజాతి కార్మికుల్లో మూడోవంతు ఉన్నది ఆ రంగాల్లోనే. దాని వల్ల రెండు జాతుల సంపాదన మధ్య తేడా బాగా తగ్గింది, ఉద్యోగాలు పెద్దగా పోలేదు అని తేలింది. విలియమ్స్ చెప్పిందానికి ఇది సూటిగా ఎదురు.

ఆయన మనిషిగా ఎంత నిజాయితీపరుడైనా, కాలమ్స్‌లో దీన్ని ఒకటీ ఒకటీ కూడితే రెండు అన్నంత తేలిగ్గా చెప్పేవాడు. అది తేలిగ్గా తేలే విషయం కాదు.

నల్లరేగడి

నేను ఎకనామిక్స్ చదవలేదు, ఎల్‌ఎల్‌బీ చేశా. కానీ ఒక మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనెత్తుతున్నా.

ఆయన అన్నీ "నా శరీరం నా సొంత ఆస్తి" అనే దగ్గర మొదలుపెడతాడు. నేను సంపాదించింది నాది, నువ్వు సంపాదించింది నీది, కాదంటే నా దాంట్లో నీకెంత రావాలో, ఎందుకు రావాలో చెప్పు, ఇదే ఆయన సామాజిక న్యాయం. దాన్ని చివరిదాకా లాక్కెళ్లి, ప్రైవేటు మనిషికి తనకి ఇష్టం లేనివాడితో వ్యాపారం చేయకుండా ఉండే హక్కు, అంటే వివక్ష చూపించే హక్కు కూడా ఉండాలి అంటాడు, ప్రభుత్వం మాత్రం చూపకూడదు అంటాడు. వివక్ష చూపే వ్యాపారి మంచి పనివాణ్ని, మంచి గిరాకీని పోగొట్టుకుంటాడు, మార్కెట్టే వాడికి బుద్ధి చెప్తుంది అని నమ్మకం.

మేం హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకి వెతికేటప్పుడు అడ్వాన్స్ చేతిలో పట్టుకుని నిలబడితే "మీరేవుట్లు?" అని అడిగి, చెప్పగానే "ఇందాకే ఒకళ్లకి మాటిచ్చేశామమ్మా" అన్నవాళ్లు ఎంతమందో. టులెట్ బోర్డు మాత్రం నెలరోజులు అలాగే వేలాడింది. ఆ ఓనర్‌కి నెల అద్దె పోయింది, అయినా మారలేదు. ఏ ప్రభుత్వ చట్టమూ ఆయన్ని అలా అడగమని చెప్పలేదు. ఊరి చివర మా వాడని ఏ జీవోతో పెట్టలేదు. విలియమ్స్ గొప్ప ధైర్యవంతుడే, ఆ కోర్టు మార్షల్ సంగతి చదివి నాకు ఒళ్లు పులకరించింది, కానీ నా అనుభవంలో ఉన్న వివక్ష ఆయన పుస్తకంలో ఇమడదు.

ఫెయిర్‌ఫ్యాక్స్_శ్రీను

నల్లరేగడి గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర ఎదురు వాదన లేదు. ఆయన దగ్గరున్న జవాబు ఏంటో మాత్రం చెప్తా, మీరే తూకం వేయండి.

ఆయన 1980ల్లో దక్షిణాఫ్రికా వెళ్లి చూసి 1989లో "సౌత్ ఆఫ్రికాస్ వార్ అగైన్‌స్ట్ క్యాపిటలిజం" అని పుస్తకం రాశాడు. అందులో గని యజమానుల కథ ఉంటుంది. వాళ్లకేం నల్లవాళ్ల మీద ప్రేమ లేదు, కానీ తెల్ల కార్మికుడికి ఇచ్చే జీతం మిగుల్చుకోవాలని 1922లో కొన్ని పనుల్లో నల్లవాళ్లని పెట్టబోయారు. తెల్ల కార్మికులు తిరగబడ్డారు, ప్రపంచ కార్మికులారా తెల్ల దక్షిణాఫ్రికా కోసం పోరాడండి అని బ్యానర్లు కట్టారు, ప్రభుత్వం సైన్యాన్ని దింపింది, మనుషులు చచ్చిపోయారు. నాలుగేళ్లకి, 1926లో, నైపుణ్యమున్న గని పనులకి నల్లవాళ్లు దూరంగా ఉండేలా చట్టమే వచ్చేసింది. లాభం కోసం గీత దాటే యజమాని ఉన్నాడు కాబట్టే చట్టం చేయాల్సొచ్చింది, అందరికీ ద్వేషమే ముఖ్యమైతే ఆ చట్టంతో పనేముంది అని ఆయన ప్రశ్న. గనుల వరకూ ఇది బలమైన ప్రశ్న. అద్దె ఇంటి ఓనర్‌కి, ఊరి కట్టుబాటుకి అది సరిపోదని మీరంటే ఒప్పుకుంటా, ఎందుకంటే కులం దగ్గర గీత దాటినవాణ్ని కూడా ఊరు వెలేస్తుంది, చట్టం చేయాల్సిన పని ఊరే చేస్తుంది.

గంగ గారు కాలమ్స్ తేలిగ్గా ఉండేవన్నారు, అదీ నిజమే. వారం వారం పత్రికలకి రాసేవాడు, రష్ లింబా అనే కన్జర్వేటివ్ హోస్ట్ రేడియో షోలో, లింబా లేనప్పుడు ఈయన కూర్చునేవాడు, అక్కడ మాట ఒక్కవేటుగా ఉండాలి. యూరప్ సంతతి వాళ్లందరికీ క్షమాభిక్ష ప్రసాదిస్తున్నానని ఒక పత్రం కూడా రాసి వదిలాడు, తెల్లవాళ్లు అపరాధభావంతో మా దగ్గర పిచ్చిగా ప్రవర్తించడం ఇక మానండి అని. తెల్లవాళ్లకి నల్లవాళ్లని మెచ్చుకోవడం ఫ్యాషన్ కాకముందే తన చదువు అయిపోయింది, అందుకే నిజమైన మార్కులు పడ్డాయి అనేవాడు. ఆ మాట వెనక కోపం ఉంది, ఆత్మగౌరవం ఉంది, అది నాకు బాగా అర్థమవుతుంది. లింకన్ మీద, అంతర్యుద్ధం మీద రాసినవి మాత్రం నాకు అస్సలు మింగుడుపడలేదు, రాష్ట్రాలకి విడిపోయే హక్కు గురించి అంత రాసి ఆ రాష్ట్రాలు బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికే విడిపోయాయన్నది పక్కన పెడితే ఎలా?

క్లాసులో వేరే మనిషి అని ఎకనామిక్స్ ఫ్రెండ్స్ చెప్పేవాళ్లు. పీహెచ్‌డీ వాళ్లకి మొదటి ఏడాది మైక్రో ఎకనామిక్స్ ఆయనే చెప్పేవాడు, రాజకీయం ఊసు ఉండదు, అంతా డిమాండ్ కర్వులే, మార్కుల దగ్గర ఎవరికీ దయ లేదు. ఇల్లు పెన్సిల్వేనియాలో, యూనివర్సిటీ వర్జీనియాలో, అన్నేళ్లూ అలాగే వస్తూ పోతూ చెప్పాడు. భార్య కోనీ (Connie) 2007లో పోయింది. 2020 డిసెంబర్ మొదట్లో ఆయన పోయారు, 84 ఏళ్లు. ఆ సెమిస్టర్ కూడా క్లాసులు చెప్తూనే ఉన్నాడు.

మానేరు_తీరం

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నల్లరేగడి అక్కా, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించా.

పేపర్‌కి ఇలా అనుకుంటున్నా: డేవిస్–బేకన్, టాక్సీ ఉదాహరణలు విలియమ్స్ నుంచి తీసుకుని, 1948 అంకె పక్కనే కోగన్ పెట్టి, తర్వాత 1966 విస్తరణ పేపర్. గంగ గారూ, ఆ 2021 పేపర్ రాసినవాళ్ల పేర్లు చెప్తారా? లైబ్రరీలో అడగాలి.

గణాంకాల_గంగ

ఎల్లోరా డెరెనాన్‌కోర్, క్లేర్ మోంటియాలూ. క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వచ్చింది. ముందు డేటా సెక్షన్ చదువు, ఏ రంగాలు 1938లో కనీస వేతన చట్టంలోకి వచ్చాయి, ఏవి 1966లో వచ్చాయి అన్న తేడా మీదే పేపర్ మొత్తం నడుస్తుంది.