కండిషనల్స్ నంబర్లతో నేర్పాలా, తెలుగుతో నేర్పాలా?

తిరుపతి టీచర్:
ఇంగ్లీషులో 'ఇఫ్' పెట్టి 'ఇలా అయితే అలా' అని చెప్పే వాక్యాలే కండిషనల్స్. ఆ మాట అనగానే బోర్డు మీద జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని నాలుగు పట్టికలు గీస్తాం. పిల్లలు బట్టీ కొడతారు. నోరు తెరిస్తే మాత్రం 'ఇఫ్ ఐ హ్యాడ్ మనీ' అనాల్సిన చోట 'ఇఫ్ ఐ వుడ్ హావ్ మనీ' అంటారు. ఇప్పుడు డబ్బు లేదని చెప్పడానికి హ్యాడ్ ఎందుకు అంటే 'రూల్ సార్' తప్ప జవాబు లేదు. పట్టికలు పక్కన పెట్టి తెలుగుతో మొదలుపెట్టాలని నా వాదన.

చిత్తూరు కుర్రోడు:
సార్, బ్యాంకు పరీక్షలో ఒక్కో ప్రశ్నకు అరనిమిషం దొరికితే గొప్ప. ఇఫ్ పక్కన హ్యాడ్ ప్లస్ వి3, అంటే గాన్, సీన్ లాంటి క్రియ మూడో రూపం కనిపిస్తే అటు వుడ్ హావ్ ఉందా లేదా చూసుకుని టిక్కు పెట్టేయడమే. తెలుగులో ఆలోచిస్తే ఇంకా తికమక. 'వానొస్తే' అంటే నిజంగా వచ్చేదా, ఊరికే అనుకునేదా?

తిరుపతి టీచర్:
అక్కడే ఆగిపోతే ఎట్లా తమ్ముడూ, వాక్యం చివరిదాకా పో. 'వానొస్తే ఘాట్‌రోడ్డులో నిదానంగా పోతారు.' ఇది జరగొచ్చు, అందుకే విల్. 'డబ్బుంటే రేణిగుంటలో విమానం ఎక్కేవాణ్ణి.' డబ్బూ లేదు, ఎక్కేదీ లేదు. 'చిన్నప్పుడు రోజూ చెట్టెక్కేవాణ్ణి' అని పాత అలవాటుకు వాడే రూపాన్నే ఇక్కడా వాడాం చూడు. లేనిదాన్ని చెప్పాలంటే మనమూ గతంలోకే పోతాం. ఇంగ్లీషులో హ్యాడ్ చేసే పనీ అదే, వుడ్ కూడా మొదట విల్‌కు గతరూపమే.

పీలేరు అక్క:
మరి వర్ సంగతి? మా పాప 'ఇఫ్ ఐ వాజ్ ఎ బర్డ్' అని రాస్తే స్కూల్లో ఎర్ర ఇంకుతో కొట్టేశారు. ఇంగ్లీషు సినిమాల్లో వాజ్ వినబడుతూనే ఉంది కదా!

చిత్తూరు కుర్రోడు:
పరీక్షలో వర్ రాయించు అక్కా, మార్కు పోదు.

తిరుపతి టీచర్:
మాటల్లో వాజ్ అనేవాళ్లు ఇంగ్లీషు దేశాల్లో కోకొల్లలు. రాతలో వర్ మర్యాద. 'ఇఫ్ ఐ వర్ యూ' అయితే ఎప్పుడో స్థిరపడిపోయింది, దాన్ని కదిలించకండి. కానీ 'ఇఫ్ ఐ వాజ్ రూడ్ యెస్టర్డే, ఐ యామ్ సారీ' చూడండి. నిన్న నిజంగానే దురుసుగా మాట్లాడి ఉండొచ్చు. అది ఊహ కాదు, అక్కడ వాజే రావాలి. పట్టిక బట్టీ కొట్టినవాడు ఇఫ్ కనబడగానే అక్కడా వర్ తగిలిస్తాడు.

చిత్తూరు కుర్రోడు:
అది బాగానే ఉంది. మీ తెలుగు పద్ధతి మాత్రం ఒకచోట చేతులెత్తేస్తుంది. 'నిన్న అలిపిరి వదిలేసి శ్రీవారి మెట్టు ఎక్కుంటే ముందే చేరేవాళ్లం', 'ఇప్పుడు ఓపికుంటే ఎక్కేవాళ్లం.' రెండింటికీ '-వాళ్లం' ఒకటే. ఇంగ్లీషులో ఒకటి వుడ్ హావ్, ఇంకోటి వుడ్. పట్టిక లేకుండా ఎట్లా చెప్తారు?

తిరుపతి టీచర్:
'ఎక్కుంటే', 'ఉంటే' అన్న దగ్గరే తేడా తెలుస్తోంది కదా. ఇప్పటి ఊహకు ఒక అడుగు వెనక్కి, నిన్నటి ఊహకు రెండడుగులు. నాలుగు పట్టికలు దేనికి?

చిత్తూరు కుర్రోడు:
ఒకటి, రెండు... అవీ నంబర్లే కదా సార్!