పెద్ద సంఖ్యలు పిల్లలతో తెలుగు అక్షరాల్లో రాయించాలా? ఇంగ్లీషులో వస్తే చాలదా?

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ
మా పాప ఐదో తరగతి, ఇంగ్లీషు మీడియం. 4,05,060 ఇస్తే ‘ఫోర్ లాక్ ఫైవ్ థౌజండ్ అండ్ సిక్స్‌టీ’ అని ఇట్టే రాసేస్తుంది. మొన్న ఆదివారం సరూర్‌నగర్ రైతుబజారులో చిక్కుడుకాయలు అమ్మే పెద్దాయన ‘డెబ్భై ఇవ్వమ్మా’ అంటే ఎనభై చేతిలో పెట్టింది. ఆయన పది వెనక్కిచ్చాడు. ఇంటికొచ్చి అదే 4,05,060 తెలుగులో రాయమన్నాను. ‘నాలుగు లక్షలు ఐదు వేలు’ దాకా రాసి, ‘అమ్మా, సిక్స్‌టీని ఏమంటారు?’ అంది. చాలా బాధేసింది.
ఇప్పుడు మా బడి తల్లిదండ్రుల గ్రూపులో ఇదే గొడవ. తెలుగు పరీక్షలో ‘కింది సంఖ్యలను అక్షరాల్లో రాయండి’ అనే ప్రశ్న తీసేయాలని సగంమంది అంటున్నారు. మీరేమంటారు?

మియాపూర్ నాన్న
తీసేయాలనే అంటాను. తెలుగు మీద ప్రేమ లేక కాదు. స్థాన విలువ ఒక్కటే, దాన్ని రెండు భాషల్లో రెండుసార్లు బట్టీ పట్టించడం ఎందుకు? ఆ సమయంలో మిలియన్, బిలియన్ సరిగ్గా నేర్పితే పనికొస్తుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు 10 మిలియన్లంటే పది లక్షలనుకొని పట్టిక తయారుచేశాడు. 10 మిలియన్లంటే కోటి! పదింతల తేడా. మంచి మార్కులతో చదువుకొని వచ్చినవాడే. పిల్లలకు అక్షరాలు రాయడం వస్తోంది, ఆ సంఖ్య ఎంత పెద్దదో అందడం లేదు. నా బెంగ అదీ.

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, నల్లకుంట
బాబూ, అక్షరాల్లో రాయడాన్ని చిన్నచూపు చూడకండి. అంకెల్లో ఒక మొత్తం, అక్షరాల్లో ఇంకో మొత్తం ఉంటే చట్టం అక్షరాలనే నమ్ముతుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెప్పేది ఇదే. చెక్కుల్లో అలాంటి తేడా కనిపిస్తే బ్యాంకులు తిప్పి పంపేస్తాయి గానీ, ప్రామిసరీ నోటు కోర్టు దాకా వెళ్తే అక్షరాలదే మాట. చెక్కును తెలుగులో కూడా రాయొచ్చు, ఆ సంగతి చాలామందికి తెలియదు.
కౌంటరులో కూర్చున్న ఏళ్లలో ఎంతమందికి నేను ఓచర్లు రాసిపెట్టానో. వాళ్లకు లెక్క రాక కాదు. వడ్డీ నోటితో చెప్పేవాళ్లు, నూటికి రెండు చొప్పున మూడేళ్లకు ఎంతో పైసాతో సహా. ‘అక్షరాల’ అన్న చోటికి వచ్చేసరికి పెన్ను నా చేతికి ఇచ్చేవాళ్లు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టడమంటే ఏమిటో దగ్గరనుంచి చూశాను.

మియాపూర్ నాన్న
సార్, మీ మాట కాదనను. కానీ ఈ పిల్లలు పెద్దయ్యేసరికి నోట్లు, చెక్కులు ఎవరు రాస్తారు? ఇప్పటికే అంతా ఫోన్లోనే కదా.

లెక్కల టీచరు, ఉప్పల్
ప్రభుత్వ బడిలో చెప్తాను. మా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురయ్యేదే. అన్నగారు రెండుసార్లు బట్టీ అన్నారు. బట్టీ పట్టిస్తే నిజంగానే దండగ. కానీ తెలుగులో బట్టీ అక్కర్లేదు.
2011 జనాభా లెక్కల్లో తెలంగాణ జనాభా 3,50,03,674. పలకమనండి: మూడు కోట్ల, యాభై లక్షల, మూడు వేల, ఆరు వందల డెబ్భై నాలుగు. మూడు కామాలు, కామా దగ్గర ఒక్కో మాట: కోట్ల, లక్షల, వేల. వందలు దాటాక కామాల మధ్య ఏ గదిలోనూ రెండంకెలకు మించి ఉండవు. అంటే తొంభై తొమ్మిది దాకా వచ్చిన పిల్లకు వంద, వెయ్యి, లక్ష, కోటి అనే నాలుగు మాటలు కలిపితే చాలు. మిలియన్ పద్ధతిలో ప్రతి గదిలోనూ మూడంకెలు.
నేనెక్కువ సేపు ఆగేది ‘లు’, ‘ల’ దగ్గర. మీ పాప ‘నాలుగు లక్షలు ఐదు వేలు’ అని రాసింది చూడండి మేడమ్, అక్కడే ఉంది కిటుకు. ‘లక్షలు’ అంటే మాట అక్కడితో ఆగిపోయింది. ‘లక్షల’ అంటే వెనకాల ఇంకేదో వస్తోంది. నాలుగు లక్షలు. నాలుగు లక్షల ఐదు వేలు. నాలుగు లక్షల ఐదు వేల అరవై. తరగతిలో నేను ‘నాలుగు లక్షల...’ అని ఆపేస్తే పిల్లలందరూ ‘ఇంకా ఉంది టీచర్!’ అని అరుస్తారు. ఇంగ్లీషులో ‘లాక్’ అన్న మాట ఆ కబురు చెప్పదు, మన భాష చెప్తుంది.
తప్పులు ఎక్కువగా వచ్చేది సున్నా ఉన్న గదిలో. నేను నోటితో ‘మూడు వేల’ అంటే చాలామంది 3,50,3,674 అని రాస్తారు, సున్నా మింగేసి. అందుకే అంకెల నుంచి అక్షరాలకు ఒకసారి, అక్షరాల నుంచి అంకెలకు రెండుసార్లు చేయిస్తాను. సంఖ్య ఎంత పెద్దదో అందడం లేదన్న బెంగ నాదీ. అది ఈ రెండో దారిలోనే తీరుతుంది.

యాకుత్‌పురా నుంచి
మా ఇంట్లో ఉర్దూ. 2018 చట్టం వచ్చాక మా అబ్బాయికీ తెలుగు తప్పనిసరి అయింది, మొదట భయపడ్డాను. కానీ అంకెల్లో వాడికి తెలుగే సులువుగా వచ్చింది. ఉర్దూలో 39 ఉన్తాలీస్, 49 ఉన్‌చాస్, 59 ఉన్‌సఠ్, నూరు దాకా ప్రతిదీ విడిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో ముప్ఫై వచ్చి తొమ్మిది వస్తే ముప్ఫై తొమ్మిది వచ్చేసినట్టే. ఇంత తేలికైనదాన్ని తెలుగువాళ్లే బరువంటుంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

బోడుప్పల్ తండ్రి
అక్కా, నేను నల్గొండ నుంచి వచ్చి ఈడ ఉంటున్న. నేర్పియ్యాలె, అందుల అనుమానం లేదు. కాని మార్కులు కోసే పద్ధతి మారాలె. మా పిల్లగాడు 1,500కు ‘పదిహేను వందలు’ అని రాసిండు. తప్పు కొట్టిండ్రు. మా నాయిన జీవితమంతా ఎడ్ల బేరం గట్లనే చేసిండు. ‘అయిదు’ రాస్తే ‘ఐదు’ అని దిద్దిండ్రు, పత్రికల రెండూ వస్తయి కదా. ఇంట్ల మాట్లాడే అంకె తప్పని చెప్పితే పిల్లగాడు ఇంగ్లీషు దిక్కే పోతడు.

తెలుగు పండితుడు, విశ్రాంత
ఆయన ఆవేదన న్యాయమైనది. పదిహేను వందలు చక్కని తెలుగు. స్థానాల వారీగా రాయమన్నప్పుడు మాత్రం ‘వెయ్యి ఐదు వందలు’ అనాలి, రెండూ నేర్పాలి.
ఒక్కమాట. పెద్ద సంఖ్యను మాటల్లో పెట్టడం మనకు కొత్త కాదు. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే వచ్చే మొత్తాన్ని ఒక చంపకమాలలో ఇమిడ్చాడు. శర అంటే ఐదు, శశి అంటే ఒకటి, షట్కం ఆరు, ఇలా కుడి నుంచి ఎడమకు ఇరవై అంకెలు: 1,84,46,74,40,73,70,95,51,615. ఒక్క అంకె తప్పలేదు. మా తరగతిలో ఈ పద్యం విడదీయించిన రోజు లెక్కలంటే పారిపోయే పిల్లలు గంట కొట్టినా లేవలేదు.

మియాపూర్ నాన్న
టీచర్ గారూ, ‘ల’ సంగతి నేనెన్నడూ గమనించలేదు. నిన్న రాత్రి మా వాడితో ఆడి చూశాను, నిజమే. అయినా నా పట్టు పూర్తిగా వదలను. ప్రశ్న ఉండనివ్వండి, కానీ వర్ణక్రమానికి మార్కులు కోయకూడదు. కోటి అంటే ఎన్ని మిలియన్లో కూడా అదే పేజీలో అడగాలి.

లెక్కల టీచరు, ఉప్పల్
ఒప్పుకుంటాను అన్నగారూ. వర్ణక్రమం తెలుగు మాస్టారు నెమ్మదిగా దిద్దుకుంటారు. సున్నా మింగితే మాత్రం నేను వదలను.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ
అందరికీ దండాలు. వంద రూపాయల నోటు వెనక పదిహేను భాషల్లో రాసి ఉంటుంది కదా, పాప చేత అందులో తెలుగు వరస వెతికించాను. దొరగ్గానే ఎంత సంతోషపడిందో. తర్వాత మా ఇంటి కరెంటు బిల్లు, నాన్న బండి ధర, అన్నీ తెలుగులో రాస్తూ కూర్చుంది. గ్రూపులో ప్రశ్న ఉంచాలనే చెప్తాను, మార్కుల సంగతి కూడా కలిపి.
ఒక్క అనుమానం: 1,00,001ని ‘లక్షా ఒకటి’ అంది. పుస్తకంలో ‘ఒక లక్ష ఒకటి’ అని ఉంది. ఏది ఒప్పు?

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, నల్లకుంట
రెండూ ఒప్పే తల్లీ. నోటితో లక్షా ఒకటి అననివ్వు. కాగితం మీద మాత్రం ‘ఒక’ పెట్టించు, చివర ‘మాత్రమే’ పెట్టించు. ముందు జాగా వదిలితే అక్కడ ఇంకొకరు ఇంకో మాట రాయగలరు.