కార్లలో తెచ్చి ఊరి బయట వదిలేస్తున్న పెంపుడు కుక్కలు: మీ ఊళ్లో ఏం చేస్తున్నారు?

చేవెళ్ల_రైతుబిడ్డ:
హైదరాబాద్ నుంచి మా వైపు వచ్చే రోడ్డు మీద పెద్ద పెద్ద మర్రిచెట్లు ఉంటాయి, చాలామందికి తెలుసు. ఆ నీడలో కారు ఆపుతారు, వెనక డోర్ తీసి కుక్కను దింపుతారు, వెళ్లిపోతారు. వేసవి సెలవుల్లో మరీ ఎక్కువ. ల్యాబ్‌లు (లాబ్రడార్లు), పామరేనియన్లు, ఈ మధ్య హస్కీలు కూడా. చుట్టూ ఫాంహౌసులు ఉన్నాయి, ఎవరో ఒకరు తిండి పెడతారులే అనుకుంటారేమో. ఆ గేట్లకు వారమంతా తాళాలే ఉంటాయి. కుక్క ఊళ్లోకి వస్తే ఊరకుక్కలు కరిచి తరుముతాయి. తట్టుకుని నిలబడితే వాటిలో కలిసిపోతుంది, గుంపు పెద్దదవుతుంది. మీ దగ్గర ఏం చేస్తే కొంచెమైనా తగ్గిందో చెప్పండి.

జీవాల_మంద:
అన్నా, మాది నల్గొండ వైపు. మాకు గొర్రెలున్నాయి. కుక్కల గుంపు రాత్రి దొడ్డిలో పడితే ఒకదాన్ని చంపి తిని పోదు. అందినదాన్నల్లా తొడలు, పొదుగు కొరికి వదిలేస్తాయి. పొద్దున చూస్తే చచ్చినవాటికంటే గాయాలతో నిలబడినవే ఎక్కువ, చీము పడితే అవీ దక్కవు. బెదిరి పరిగెత్తిన చూడి గొర్రెలు తర్వాత ఈసుకుపోయాయి, అంటే కడుపు పోయింది. ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. చిరుత చంపితే అటవీశాఖ పరిహారం ఇస్తుంది. కుక్క అడవి జంతువు కాదు కదా, అక్కడ అడగడానికి లేదు.

మా నాన్న ముళ్లకంప తీసేసి దొడ్డి చుట్టూ మనిషి ఎత్తు ఇనుప జాలీ వేశాడు, కింద అడుగు లోతు భూమిలో పాతాడు. కుక్కలు మట్టి తవ్వి దూరతాయి కాబట్టి ఆ పాతడమే ముఖ్యం. తర్వాత దొడ్డి జోలికి రాలేదు. మేతకు తోలుకెళ్లినప్పుడు మాత్రం టెన్షన్ తప్పడం లేదు.

పల్లె_పశువైద్యం:
తమ్ముడూ, కరిచిన కుక్కకు పిచ్చి ఉందేమోనని అనుమానం ఉంటే బతికిన గొర్రెలకు కూడా వెంటనే రేబిస్ సూదులు మొదలుపెట్టాలి. ఇది చాలామందికి తెలియదు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది, అడగండి.

ఇంకో మాట. కారులోంచి దిగిన ల్యాబ్ వెళ్లి మందల మీద పడటం నేను పెద్దగా చూడలేదు. దానికి వేట రాదు, మనిషి వెంటే తిరుగుతుంది. అసలు బెడద దాని పిల్లలతో. ఆడకుక్క ఏడాది నిండకముందే ఎదకు వస్తుంది, 63 రోజులు అటూఇటూగా ఈనుతుంది, ఏడాదికి రెండు ఈతలు కూడా ఉంటాయి. మనిషి చెయ్యి తగలకుండా పొలాల్లో, కోళ్లఫారాల చెత్త దగ్గర పెరిగిన పిల్లలే గుంపు కట్టి మందల మీద పడతాయి. టీకాలు లేకుండా వదిలిన కుక్కతో పాటు పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల అంటురోగాలు కూడా ఊళ్లోకి వస్తాయి. అందుకే కొత్త కుక్క కనబడితే ముందు ఆడదా మగదా చూడండి. ఆడదైతే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆలస్యం చేయొద్దు.

సుజాత_టీచర్:
మాది వికారాబాద్ దగ్గర పల్లె. మా బడి పిల్లాడిని కరిస్తే ఇంట్లోవాళ్లు పసరు పోయించి, గాయానికి పసుపు, కారం అద్ది పంపారు. దయచేసి ఇలా చేయకండి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, ఏమీ పూయకూడదు, కట్టు కట్టకూడదు, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మంలోకి వేసే రేబిస్ సూదులు మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, ఉచితం. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా కావాలి. అది చిన్న ఆస్పత్రిలో లేకపోతే పెద్దాస్పత్రికి వెళ్లాల్సిందే. మూడో సూది తర్వాత తగ్గిపోయిందిలే అని మానేసేవాళ్లు చాలామంది. కూలి పోతుందని మానేస్తారు, వాళ్లను ఏమనగలం? కుక్కను వదిలిన కారు మాత్రం అదే రాత్రి ఇల్లు చేరి ఉంటుంది.

గట్టుమీద_ఇల్లు:
మేం అలా దొరికిన ల్యాబ్‌ను పెంచుకుంటున్నాం. మొదట్లో రోడ్డు వదిలి రాలేదు. తెల్ల కారు కనబడితే చాలు వెనకాల పరిగెత్తేది. ఇలాంటివి చాలావరకు లారీల కింద పడి పోతాయి. దగ్గరికి రానిచ్చాక చూస్తే ఒళ్లంతా పిడుదులు, పొదుగు వేలాడుతోంది. ఎన్నో ఈతలు ఈనించి, ఇక పిల్లలు పుట్టవని వదిలేశారని డాక్టర్ అన్నారు. అంటే వదిలేది పెంచుకున్నవాళ్లే కాదు, పిల్లలను అమ్ముకునేవాళ్లు కూడా. కుక్కల పెంపకం, అమ్మకం మీద వచ్చిన 2017 నిబంధనల ప్రకారం అలా అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. కొనేవాళ్లు ఆ కాగితం అడిగితే ఇందులో సగం ఆగుతుందని నా నమ్మకం.

మండల_వకీలు:
చట్టం సంగతి. పెంపుడు జంతువును ఆకలికి, దప్పికకు వదిలేయడం 1960 జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. కానీ మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈ కాలంలో దానికి ఎవరు భయపడతారు? అయినా ఫిర్యాదు ఇవ్వండి. కారు నంబరు, సమయం, ఫొటో ఉంటే పోలీసులు పిలిచి అడుగుతారు. ఆ ఒక్క పిలుపుకే కుక్కను వెనక్కి తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు.

విషం పెట్టడం, చంపడం జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో కుక్కలను తుపాకీతో కాల్చి చంపితే అది పోలీసు కేసయింది. ఇప్పుడైతే అలాంటి పనికి భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, టీకా చేయించి మళ్లీ అక్కడే వదలడం స్థానిక సంస్థ బాధ్యత, పంచాయతీకీ ఇది వర్తిస్తుంది. గ్రామసభలో తీర్మానం రాయించండి. కాగితం మీద లేకపోతే నిధుల మాట ఎవరూ ఎత్తరు.

జీవాల_మంద:
వకీలు గారూ, ఆపరేషన్ చేసిన కుక్కను మళ్లీ అక్కడే వదిలితే మా గొర్రెలను కొరకదా అండి?

పల్లె_పశువైద్యం:
కొరకొచ్చు, అబద్ధం చెప్పను. గుంపు పెరగడం ఆగుతుంది, రేబిస్ ఆగుతుంది, అంతవరకే. ఈలోగా చచ్చిన కోళ్లను రోడ్డు పక్కన పారేయకుండా గొయ్యి తీసి పూడ్పించండి. మాంసం రుచి మరిగిన గుంపులు అక్కడే తయారవుతాయి. రేబిస్ టీకాలు ఏటా జూలై 6న మన రెండు రాష్ట్రాల్లోనూ పశు వైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఊరకుక్కలను కూడా తోలుకు రండి, నాలాంటివాళ్లు కాదనరు.

చేవెళ్ల_రైతుబిడ్డ:
అందరికీ దండాలు. మర్రిచెట్ల దగ్గర కెమెరా పెట్టడానికి సర్పంచ్ ఒప్పుకున్నారు. తీర్మానం వచ్చే గ్రామసభలో పెడుతున్నాం. ఆడకుక్కలను ఆపరేషన్‌కు సిటీకి తీసుకెళ్లాలంటే వ్యాన్ ఖర్చు ఒక్క ఊరికి ఎక్కువవుతోంది. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు వాళ్లు ఎవరైనా కలిసి వస్తామంటే ఇక్కడే రాయండి, తేదీ ఖాయం చేద్దాం.