లోటు, వెలితి ఒకటేనా?

గ్రూపులో పర్యాయపదాల మీద ఇంత చర్చ జరుగుతుంది కాబట్టి ఇది ఇక్కడే అడగాలనిపించింది. నిఘంటువు తీస్తే లోటుకీ వెలితికీ కొరత అనే అర్థం ఉంటుంది. ఒక ఆల్బమ్ విన్నాక మాత్రం ఆ రెండూ ఒకటి కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇంజినీరింగ్ రోజుల నుంచీ నేను లింకిన్ పార్క్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ అభిమానిని. రూమ్‌లో నలుగురికీ ఒకటే కంప్యూటర్. 2000లో వచ్చిన 'హైబ్రిడ్ థియరీ', 2003లో వచ్చిన 'మీటియోరా' ఆల్బమ్‌లు అందులో రాత్రీ పగలూ మోగుతూనే ఉండేవి. మాటలు సగం అర్థం కాకపోయినా గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ గొంతెత్తి అరిస్తే మనం బయటికి చెప్పలేనిది ఆయన చెప్పేసినట్టు ఉండేది. 2017 జులైలో ఆయన చనిపోయారు. మన పేపర్లలో ఏ సంతాప వార్త చూసినా 'తీరని లోటు' అని ఉంటుంది కదా, ఆ మాట అరిగిపోయింది అనుకునేవాణ్ణి, ఆ రోజు మాత్రం అలా అనిపించలేదు.

ఏడేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరులో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కొత్త గాయనితో బ్యాండ్ తిరిగొచ్చింది, నవంబరులో 'ఫ్రమ్ జీరో' ఆల్బమ్ వచ్చింది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి పెట్టుకుంటే నాంపల్లి వచ్చేసరికి అయిపోయింది, మొత్తం 32 నిమిషాలే. బాగుంది. ఆవిడ గొంతులో బలం ఉంది, బ్యాండ్‌లో మొదటి నుంచీ ఉన్న మైక్ షినోడా ర్యాప్ పక్కన చక్కగా అతికింది, చెస్టర్‌లా పాడాలని తాపత్రయపడలేదు, అది నాకు చాలా నచ్చింది. పాడే మనిషి లేని లోటు తీరింది. అయినా స్టేషన్ మెట్లు దిగుతుంటే ఏదో వెలితి.

నాకు తోచింది చెప్తాను. లోటుకి ఎదురు మాట మిగులు: లోటు బడ్జెట్, మిగులు బడ్జెట్. వర్షపాతం లోటు ఇంత శాతం అంటాం. అంటే కొలవచ్చు, భర్తీ చేయవచ్చు. వెలితికి ఎదురు మాట నిండు. ఖాళీ బిందెని వెలితి బిందె అనం, అంచుకు బెత్తెడు కిందివరకు నీళ్లుంటేనే వెలితిగా ఉందంటాం. కూతురు అత్తారింటికి వెళ్లాక ఇంటి నిండా చుట్టాలున్నా వెలితిగానే ఉంటుంది. ముందు నిండుగా ఉంటేనే ఆ మాట పుడుతుంది.

ఈ బ్యాండ్ మొదటి పేరు కూడా జీరోనే, ఎక్స్‌తో రాసేవారు. కాబట్టి ఆల్బమ్ పేరులో రెండు అర్థాలున్నాయి, సున్నా నుంచి అనీ, ఆ పాత పేరు నుంచి అనీ. వాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టవచ్చు. మేం సున్నా నుంచి వినలేం, మా బిందె ఎప్పుడో నిండింది. మీరేమంటారు?

ఒక అక్క జవాబు:
వెలితి గురించి చెప్పింది బాగుంది తమ్ముడూ. కానీ మనిషి పోయినప్పుడు 'తీరని లోటు' అంటాం, అక్కడ కొలిచేది ఏముంది? మా అమ్మమ్మ అయితే బియ్యం డబ్బాకి కూడా ఎలితి అనే అనేది.

నా జవాబు:
మంచి ప్రశ్న అక్కా. లోటు అంటే మామూలుగా తీరేది కాబట్టే, తీరదని చెప్పడానికి ముందు 'తీరని' తగిలించాల్సి వచ్చిందేమో. 'తీరని వెలితి' అని రాసేవాళ్లూ ఉన్నారు, నా చెవికి మాత్రం అది ఒకే మాట రెండుసార్లు అన్నట్టుంటుంది. ఇది నా అభిప్రాయమే, తప్పయితే దిద్దండి.

నిన్న ఎల్బీనగర్ దాకా వెళ్లాల్సి వచ్చి ఆల్బమ్ మొత్తం విని, మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి ఒకచోట ఆవిడ గొంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశాను, నాకే ఆశ్చర్యమేసింది. వెలితి పోయిందని మాత్రం అనను.

ఆ బియ్యం డబ్బా వాక్యం అమ్మమ్మగారు అన్నది అన్నట్టే రాయగలరా అక్కా?