గేటు తుప్పు, పాత పెయింట్ గీకడానికి మూడు వేలలో ఏ మెషిన్ తీసుకోవాలి?

భీమిలి_తీరం:
అందరికీ నమస్కారం. మాది భీమిలి, బీచ్‌కి మా ఇంటికి అర కిలోమీటర్ కూడా ఉండదు, కాబట్టి ఇనుము సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. రెండు రెక్కల గేటు, తొమ్మిది కిటికీ గ్రిల్స్, మేడ మెట్ల రైలింగ్, ఇదీ మొత్తం పని. నాన్నగారు ఉన్నప్పుడు రెండేళ్లకోసారి సంక్రాంతి ముందు రంగు వేయించేవారు, ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది. మొన్న గేటు కింద పట్టీ దగ్గర గోరుతో గిల్లితే అరచేయంత పెచ్చు ఊడి వచ్చేసింది, పక్కనుంచి చూస్తే నలుపు, దాని కింద చాక్లెట్ రంగు, దాని కింద ఆకుపచ్చ, అడుగున ఎర్ర ప్రైమర్, కాజా పొరల్లా ఉన్నాయి, వెనకాల అంతా తుప్పు పొడి.

పెయింటర్‌ని అడిగితే పైపైన ఉప్పుకాగితం పెట్టి వేసేద్దాం అంటున్నాడు, నాకు ఇష్టం లేదు, ఈసారి ఇనుము కనిపించేదాకా తీసి వేయాలని ఉంది. ఇంట్లో మామూలు 13 ఎంఎం డ్రిల్ ఉంది, దానికి వైర్ బ్రష్ తగిలించి అరగంట రుద్దాను, జానెడు కూడా తేలలేదు, చక్ దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఆన్‌లైన్‌లో చూస్తే గ్రైండర్ అంటారు, హీట్ గన్ అంటారు, శాండర్ అంటారు, చిన్న రోటరీ టూల్ కిట్లు వంద ముక్కలతో వస్తున్నాయి. బడ్జెట్ అన్నీ కలిపి మూడు వేలు, మహా అయితే మూడున్నర. ఏది కొంటే ఈ పని నిజంగా అవుతుంది? గ్రైండర్ ఇంతవరకు ఎప్పుడూ పట్టుకోలేదు.

గోదారి_వెల్డర్:
తమ్ముడూ, వేరే ఏమీ ఆలోచించకు, 4 ఇంచుల యాంగిల్ గ్రైండర్ తీసుకో. నేను ఇరవై ఏళ్లుగా గేట్లు, గ్రిల్సే చేస్తున్నాను, మా షాపులో రోజంతా తిరిగేది అదే. 650 నుంచి 850 వాట్ల మధ్యలో పేరున్న కంపెనీది ఏదైనా సరే, బాష్, మకిటా, స్టాన్లీ, డీవాల్ట్, మీ ఊళ్లో ఏ కంపెనీ కార్బన్ బ్రష్‌లు (లోపల మోటారుకి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు) దొరుకుతాయో అది తీసుకో, మెషిన్ ఆగిపోయేది ఎక్కువగా ఆ బ్రష్‌లు అరిగే, దొరికితే చవకలో మార్చేయొచ్చు. పేరులేని మెషిన్ తొమ్మిది వందలకి వస్తుంది కానీ పది నిమిషాలు నడిపితే గేర్ హెడ్ కాలిపోతుంది, నీకు వారం రోజుల పని ఉంది.

డ్రిల్ ఎందుకు పనికిరాలేదో చెప్తాను. డ్రిల్ స్పీడ్ నిమిషానికి మూడు వేల చుట్ల లోపు, గ్రైండర్ పదకొండు వేల దగ్గర తిరుగుతుంది. పైగా డ్రిల్ బేరింగ్ ముందుకి నొక్కడానికి చేసింది, పక్కకి అదిమితే తొందరగా లూజు అయిపోతుంది. కాబట్టి దాన్ని మూలల్లో చిన్న బ్రష్ పెట్టుకోవడానికి ఉంచుకో, పెద్ద పనికి వద్దు. రోటరీ కిట్లు బొమ్మలు చెక్కుకునేవాళ్లకి, గేటుకి కాదు. చెక్క శాండర్ అసలు వద్దు, గ్రిల్ ఊచ మీద అది నిలవదు.

స్విచ్ సంగతి ఎవరూ చెప్పరు, ఇది గుర్తుపెట్టుకో. స్లైడ్ స్విచ్ ఉన్నది ఒకసారి ముందుకి తోస్తే లాక్ అయిపోతుంది. పని మధ్యలో కరెంటు పోయిందనుకో, నువ్వు మెషిన్ కింద పెట్టి టీకి వెళ్తావు, కరెంటు వచ్చేసరికి అది నేల మీద దానంతటది ఎగురుతుంది. మా కుర్రాడి కాలి బొటనవేలు అలాగే తెగింది, ఏడు కుట్లు. నొక్కి పట్టుకుంటేనే తిరిగే ప్యాడిల్ స్విచ్ దొరికితే రెండు వందలు ఎక్కువైనా అదే తీసుకో, దొరక్కపోతే కరెంటు పోగానే ప్లగ్ పీకడం అలవాటు చేసుకో.

ముందు మెలితిప్పిన వైరు కప్ బ్రష్ ఒకటి, 60 నంబరు గరుకు ఫ్లాప్ డిస్క్‌లు (ఉప్పుకాగితం ముక్కలు రేకుల్లా అతికించిన చక్రాలు) నాలుగు కొను. కప్ బ్రష్ కొనేటప్పుడు మర చూసుకో, మన 4 ఇంచుల మెషిన్లకి ఎం10 మర (అంటే 10 ఎంఎం), 5 ఇంచుల వాటికి ఎం14, చూడకుండా కొంటే ఎక్కదు. డిస్క్‌ల చిల్లు కూడా అంతే, 4 ఇంచులకి 16 ఎంఎం. బ్రష్ మీద రాసిన ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) నీ మెషిన్ ఆర్పీఎం కంటే ఎక్కువ ఉండాలి, తక్కువ ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోకు.

ఓడ_రంగులు:
గాజువాక నుంచి. పైన అన్నగారు మెషిన్ గురించి చెప్పింది అంతా కరెక్టే, కానీ వైర్ బ్రష్ దగ్గర నేను ఒప్పుకోను. నేను ఓడలకి పెయింట్ వేసే పనిలో పద్దెనిమిదేళ్లు చేశాను, కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు గల్ఫ్‌లో. గట్టి తుప్పు మీద వైర్ బ్రష్ తిప్పితే తుప్పు పోదు, పాలిష్ అవుతుంది. నల్లగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది, చూసేవాడు ఇనుము వచ్చేసింది అనుకుంటాడు, దాని మీద ప్రైమర్‌కి పట్టు దొరకదు, ఏడాది తిరక్కుండా అదే చోట బుడగ లేస్తుంది. మా ఇన్‌స్పెక్టర్లు అలా మెరిసే చోటు కనిపిస్తే సుద్దముక్కతో గుండ్రంగా గీసి మళ్లీ చెయ్యమనేవారు.

మెషిన్‌తో శుభ్రం చేసే పనికి ఐఎస్‌ఓ 8501 అనే అంతర్జాతీయ ప్రమాణంలో రెండు గ్రేడ్లు ఉంటాయి, ఎస్టీ 2, ఎస్టీ 3. ఎస్టీ 3 అంటే వదులుగా ఉన్న తుప్పు, పెయింట్ మొత్తం పోయి ఇనుము తన మెరుపుతో కనిపించాలి. ఇంట్లో చేసేవాళ్లు దానికి దగ్గరగా వస్తే చాలు. కొత్త ఇనుములా తెల్లగా రావాలంటే ఇసుక బ్లాస్టింగే (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం), అది వేరే సంగతి.

నా వరస ఇది. మొట్టమొదట మంచినీళ్లతో కడుగు. మీ ఇల్లు బీచ్ పక్కన కదా, ఆ తుప్పు గుంటల్లో ఉప్పు ఉంది, కడక్కుండా గ్రైండర్ పెడితే ఆ ఉప్పుని ఇనుములోకి రుద్దినట్టే, పైన ఎంత ఖరీదైన పెయింట్ వేసినా లోపల నుంచి తింటుంది. పైపు పెట్టి బ్రష్‌తో తోమి కడిగి, ఆరాక పని మొదలుపెట్టు, గీకడం అయ్యాక గుంటలు కనిపించిన చోట ఇంకోసారి తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ పెట్టు. తర్వాత పెచ్చులన్నీ చేత్తోనే గీకు, వంద రూపాయల గీకుడు బ్లేడు, చిన్న చిప్పింగ్ హ్యామర్ చాలు, సగం పెయింట్ అలాగే రాలిపోతుంది, దానికి డిస్క్‌లు ఖర్చు చెయ్యడం దండగ. తర్వాత ఫ్లాప్ డిస్క్, వైర్ బ్రష్ చివర్లో, సందుల్లో మాత్రమే.

గీకిన రోజే ప్రైమర్ పడాలి. మన తీరంలో సాయంత్రం దాకా వదిలేస్తే పొద్దున్నకి పసుపు చల్లినట్టు మళ్లీ తుప్పు కమ్మేస్తుంది. మా దగ్గర గాలిలో తేమ 85 శాతం దాటితే బ్రష్ ముట్టుకోనిచ్చేవారు కాదు. పొద్దున్న పది లోపు మంచు తడి ఉంటుంది, పది నుంచి మూడు దాకా నీ టైమ్, అందుకని గేటు మొత్తం ఒక్కసారి గీకేయకు, ఆ పూట ప్రైమర్ వెయ్యగలిగినంతే గీకు.

చేతక్_పిచ్చి:
అన్నా నాది కరీంనగర్, నేను పాత స్కూటర్లు రిపేర్ జేసి కొత్తగ జేస్త, ఇప్పటికి మూడు చేతక్‌లు అయినయి. గేటుకు ఫ్లాప్ డిస్క్ ఓకే గానీ పలచటి రేకు ఉంటె మాత్రం జర ఆగు. నా మొదటి బండి బానెట్ మీద 40 నంబర్ ఫ్లాప్ డిస్క్ పెట్టిన, రెండు నిమిషాలల్ల రేకు వేడెక్కి అల లెక్క వంగింది, మళ్ల సుత్తెతోని సాపు జెయ్యనీకి నాలుగు దినాలు పట్టింది. మీ గేటు కింద పట్టీలు స్క్వేర్ పైపే అయితే అది గూడ పలచనే ఉంటది, ఆల్రెడీ తుప్పు తిన్నదానికి డిస్క్ ఇంకింత తింటది.

పెయింట్‌కు స్ట్రిప్ డిస్క్ అని వస్తది, గట్టి స్పాంజి లెక్క, అంతా బొక్కలు బొక్కలుగ ఉంటది, నలుపు, నీలం, ఊదా రంగులల్ల దొరుకుతది. అది పెయింట్ తీస్తది, తుప్పు తీస్తది, ఇనుమును మాత్రం ఎక్కువ ముట్టది. ఫ్లాప్ డిస్క్ అయితే పెయింట్ వేడికి కరిగి పేపర్ల నడుమ అంటుకుంటది, అయిదు నిమిషాలల్ల అది నున్నగయి కాలిన వాసన కొడ్తది, దీనికి బొక్కలుంటయి గాబట్టి ఆ బాధ తక్కువ. ఒక్కటి రెండు వందల దాక ఉంటది, కోసుకుపోయే అంచుల మీద రుద్దితే మస్తు జల్ది అరుగుతది, సాపు జాగలల్ల వాడు. గట్టిగ నొక్కకు, మెషిన్ బరువు చాలు. స్పీడ్ కంట్రోల్ ఉన్న గ్రైండర్ దొరికితె ఇంక మంచిది, 2,800 నుంచి 11,000 దాక మార్చుకునే మోడల్స్ ఉన్నయి, పెయింట్‌కు సగం స్పీడ్ పెడితె కరగది, దుమ్ము గూడ తక్కువ లేస్తది. గని నీ బడ్జెట్‌ల కష్టమే, గందుకే మామూలు మెషిన్ దీస్కొని ఆ పైసలు డిస్క్‌లకు, అద్దాలకు పెట్టు.

భీమిలి_తీరం:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. వెల్డర్ అన్నా, మీరు మర గురించి చెప్పకపోతే నేను పొద్దున్న కార్ట్‌లో పెట్టిన కప్ బ్రష్ ఎం14 ది, తీసేశాను. రెండు డౌట్లు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, ఈ దుమ్ము సంగతి ఏంటి? గ్రిల్స్‌లో పువ్వు డిజైన్ మెలికలు ఉన్నాయి, అందులోకి ఏ డిస్కూ వెళ్లదు, వాటికి హీట్ గన్ కొనమంటారా?

మేడ_మీద_తోట:
పాప ఉందన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని మన దేశంలో రూల్ 2016లో వచ్చింది, అమలు 2017 నవంబర్ నుంచి. అంటే మీ నాన్నగారి కాలం ఆకుపచ్చ, చాక్లెట్ పొరల్లో సీసం ఉండే అవకాశం బాగా ఉంది, పాత ఎర్ర ప్రైమర్ రెడ్ లెడ్ అయితే అది సీసమే (ఇప్పుడు షాపులో ఇచ్చే రెడాక్సైడ్ వేరు, అది ఐరన్ ఆక్సైడ్). పిల్లలు నేల మీద చేతులు పెట్టి నోట్లో పెట్టుకుంటారు, వాళ్ల మెదడుకి సీసం చేసే చెరుపు తర్వాత బాగయ్యేది కాదు. అందుకని హీట్ గన్ నేనైతే వద్దంటాను, వేడికి ఆ పొరలు ఆవిరైతే మీ ముక్కులోకే.

మా గ్రిల్స్ నేను విప్పించి మేడ మీదకి తెచ్చుకున్నాను, నాలుగు స్క్రూలే. కింద పాత టార్పాలిన్ పరిచి, కిటికీలు మూసి, మా బాబుని ఆ రెండు రోజులు అమ్మ దగ్గర ఉంచాను. మెలికల్లో జెల్ లాంటి పెయింట్ రిమూవర్ బ్రష్‌తో పూసి, పావుగంట ఆగితే పెయింట్ ముడతలు పడి లేస్తుంది, పాత టూత్ బ్రష్, పుల్లతో వచ్చేస్తుంది. చేతికి రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి, గాలి బాగా ఆడేచోటే చెయ్యాలి, మూసిన గదిలో ఆ వాసన పీలిస్తే ప్రమాదం. మిగిలినది తడిపి నీళ్ల ఉప్పుకాగితంతో రుద్దితే దుమ్మే లేవదు. గ్రైండర్ పట్టుకున్నంతసేపు ఎన్95 మాస్క్, మామూలు గుడ్డ మాస్క్ కాదు. అయిపోయాక చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో ఎత్తండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. రాలిన పెచ్చులు మొక్కల్లో పడకుండా కవర్లో కట్టేశాను, నా ఆకుకూరలు పక్కనే ఉన్నాయి మరి.

గోదారి_వెల్డర్:
చెల్లెమ్మ చెప్పింది మేలైన మాట, మేం షాపులో ఇవేమీ చూసుకోలేదు ఇన్నాళ్లూ, రేపటి నుంచి మా కుర్రాళ్లకి మాస్కులు తెప్పిస్తాను. తమ్ముడూ, కళ్లద్దాలు మాత్రం పక్కలు కూడా మూసి ఉండేవి కొను. 4 ఇంచుల డిస్క్ అంచు పదకొండు వేల స్పీడ్‌లో గంటకి రెండొందల కిలోమీటర్ల వేగంతో పోతుంది, కప్ బ్రష్ నుంచి ఊడిన వైరు ముక్క ఆ వేగంతోనే వస్తుంది, నా లుంగీలోంచి తొడలో దిగింది ఒకసారి. లుంగీ, వదులు చొక్కా, మెడలో తువ్వాలు వద్దు. గార్డ్ తియ్యకు. చెక్క కోసే బ్లేడు ఎవడు ఇచ్చినా ఈ మెషిన్‌కి తగిలించకు.

భీమిలి_తీరం:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. 670 వాట్ల మెషిన్ 2,150 పడింది, ప్యాడిల్ స్విచ్ మా బడ్జెట్‌లో దొరకలేదు, స్లైడే తీసుకున్నాను, పక్కన స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టుకుని కరెంటు పోగానే అది ఆపేస్తున్నాను. స్ట్రిప్ డిస్క్‌లు రెండు, 60 ఫ్లాప్‌లు మూడు, ఎం10 కప్ బ్రష్ ఒకటి, గీకుడు బ్లేడు, కళ్లద్దాలు, మాస్కులు కలిపి 3,400 అయింది. కడిగి, ఆరబెట్టి, బ్లేడుతో గీకితే నిజంగానే సగం పెయింట్ రాలిపోయింది. మొదటి రెక్క రెండు పూటలు పట్టింది, ఒక్కో పూట గీకినంతకి మూడు లోపల ప్రైమర్ వేసేశాను. స్ట్రిప్ డిస్క్ చూసి ఆశ్చర్యపోయాను, ఆకుపచ్చ పొర కింద నుంచి బూడిదరంగు ఇనుము అలా బయటపడుతుంటే ఆపబుద్ధి కాలేదు. మొదటి డిస్క్ మాత్రం ఊచల అంచుల మీద రుద్ది గంటలో అరగ్గొట్టాను.

ఒకటి దొరికింది. కింద స్క్వేర్ పైపు మీద డిస్క్ పెట్టగానే వేలు దూరేంత చిల్లు పడింది, లోపల నీళ్లు, తడి తుప్పు ముద్ద. అది అలాగే వదిలి పెయింట్ వేస్తే లాభం ఉందా?

గోదారి_వెల్డర్:
లాభం లేదు తమ్ముడూ, ఆ ముక్క కోసి కొత్త పైపు వెల్డ్ చేయించు, పెయింట్ తర్వాత. పై అతుకుల్లోంచి వాననీళ్లు దిగి పైపులో నిలబడ్డాయి. కొత్త పైపుకి అడుగున రెండు చివర్లా 6 ఎంఎం చిల్లులు పెట్టించు, నీళ్లు కారిపోతాయి, పై అతుకులు ఖాళీ లేకుండా నింపించు. రెండో రెక్క కూడా గీకే ముందు సుత్తితో కొట్టి చూడు, ఖంగుమంటే సరే, డొల్లగా మెత్తగా మోగితే అక్కడా ఇదే కథ. రెండూ ఒకేసారి చేయిస్తే వెల్డర్‌కి ఒక్క రోజు కూలీతో పోతుంది.