మెన్‌హిర్‌కి తెలుగు మాట అడిగినవారికి

వేల ఏళ్ళ కిందట మనుషులు నిలువుగా పాతిన పొడుగాటి రాయిని మెన్‌హిర్ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలని మొన్న గ్రూప్‌లో ఒకరు అడిగారు. బృహచ్ఛిల, మహాశిలాస్తంభం అంటూ చాలా జవాబులు వచ్చాయి. కొత్త మాట పుట్టించే పని లేదని నా అభిప్రాయం. ఉన్న మాట ఊళ్ళోనే ఉంది.

నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ ఉంది. అక్కడ చేల మధ్య 10 నుంచి 14 అడుగుల ఎత్తు రాళ్ళు 80 దాకా నిలబెట్టి ఉన్నాయి. అక్కడే ఒక రాతి మీద సప్తర్షి మండలంలా కనిపించే గుంటలు తొలిచారు. 2025లో ఈ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. నేను వెళ్ళినప్పుడు "మెన్‌హిర్లు ఎక్కడ?" అంటే ఎవరికీ అర్థం కాలేదు. చెయ్యి పైకెత్తి ఇంత పొడుగు రాళ్ళని చూపిస్తే ఒక పెద్దమ్మ "నిలురాళ్ళ కాడికా? గిట్ల పోండ్రి" అని దారి చూపించింది.

నిలురాయి, నిలువురాయి. ఎంత చక్కటి మాట! నిలువుగీత, నిలువుబొట్టు ఎలా ఏర్పడ్డాయో ఇదీ అంతే. నిలువుటద్దంలో ఉన్న 'ట' ఇక్కడ ఎందుకు లేదంటారేమో. టుగాగమం అచ్చు ముందే వస్తుంది, రాయిలో మొదట ఉన్నది హల్లు కదా.

అసలు మెన్‌హిర్ మాత్రం ఏమంత శాస్త్రీయమైన మాట? ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో మాట్లాడే బ్రెటన్ భాషలో 'మెన్' అంటే రాయి, 'హిర్' అంటే పొడుగు. పొడుగురాయి, అంతే. విచిత్రం ఏమిటంటే ఇప్పటి బ్రెటన్‌లో దీనికి 'పెల్వాన్' అనే మాట వాడతారు. వాళ్ళ పల్లె మాట పుస్తకాలకెక్కి ప్రపంచమంతా తిరిగితే మన పల్లె మాట మన బడిపుస్తకంలోకి ఎందుకు రాకూడదు?

పక్కనే కన్నడంలో చూడండి. శివమొగ్గ జిల్లాలో ఇలాంటి రాళ్ళున్న ఊరి పేరే నిలస్కల్, అంటే నిలబెట్టిన రాయి. రాయి అనే అర్థంలో ఆ 'కల్లు' మనకీ ఉంది. ఓరుగల్లులో ఉన్నది అదే. ఒరు అంటే ఒక; ఒరు, కల్లు కలిసి, క కాస్తా గ అయింది. అందుకే సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు.

బృహచ్ఛిల తప్పని కాదు. అది మెగాలిత్‌కి సరిపోతుంది, అంటే పెద్ద రాళ్ళతో కట్టిన ఆనాటి కట్టడాలన్నిటికీ. మెన్‌హిర్ అందులో ఒక రకం మాత్రమే. బండలు నిలబెట్టి పైన ఒక పెద్ద బండ కప్పిన సమాధి అయితే అది డోల్మెన్. బ్రెటన్‌లో బల్లరాయి అని అర్థం. ములుగు, భద్రాద్రి వైపు అలాంటి సమాధులని రాకాసి గుళ్ళు అంటారు. ఆ మాట కూడా పోగొట్టుకోకూడదు.

మీ వైపు పొలాల్లో ఇలాంటి రాయి ఉంటే పెద్దవాళ్ళు ఏమంటారో అడిగి, వాళ్ళ నోట వచ్చింది వచ్చినట్టు, ఊరి పేరుతో సహా కింద రాయండి.